కంబట్టం ఎవరిది?

జమీ అంటే భూమి. జమీందారు అంటే ఆ భూమిని పట్టుకున్నోడు. పేరులోనే ముందు భూమి వుండాది, మనిషి తర్వాత. కానీ మా తట్టు జమీల చరిత్ర రాసినోళ్ళు భూమిని వదిలేసి మనిషిని పట్టుకున్నారు. కోట కట్టినోడు, బిరుదు పొందినోడు, గుళ్ళకు మాన్యాలిచ్చినోడు. ఆ మనిషి తాతల పేర్లు ఏడు తరాలకు దొరుకుతాయి. ఆ భూమిని దున్నినోడి పేరు ఒక్క తరానికి కూడా దొరకదు. దీన్ని చరిత్ర అంటే నేను ఒప్పుకోను. ఇది పెద్దింటి పెళ్ళి పత్రిక. పైన దేవుడి బొమ్మ, కింద వంశం వరస. పొయ్యి ముందర కూర్చున్నోళ్ళ పేర్లు, ఎంగిలాకులు ఎత్తినోళ్ళ పేర్లు పెళ్ళి పత్రికలో ఎవరూ అచ్చెయ్యరు.

నేను గుడుపల్లె తట్టు మాదిగపల్లెలో పుట్టినోణ్ణి. రికార్డుల్లో మా వాడ పేరు ఏ.ఏ.డబ్ల్యూ. ఆది ఆంధ్రవాడ అని దాని అర్థం. ఆది అన్నారు గాబట్టి ఈ నేల మీద ముందు మేమే వున్నామని సర్కారే ఒప్పుకున్నట్టు. ముందున్నోళ్ళకు భూమి ఎందుకు లేకపోయిందో మాత్రం ఏ రికార్డూ చెప్పదు. మూడు రాష్ట్రాల భాష మా నాలిక మీద వుండాది. తెలుగు, కన్నడం, అరవం మూడూ మాట్లాడతాం. ఏ భాషలోనూ 'నా చేను' అని చెప్పుకునే యోగం మా జేజినాయనకు రాలేదు.

మా సీమలో రెండు జమీలు పేరుపడ్డాయి. పైన పుంగనూరు, కింద కుప్పం పక్కనున్న కంగుంది. ఒకప్పుడు రెండూ ఉత్తర ఆర్కాటు జిల్లాలో వుండేవి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఇందులోకి వచ్చినాయి. పుంగనూరు వాళ్ళు సుగుటూరు వంశం. మూలం కోలారు సీమ. మొరసు వొక్కలిగ సేద్యగాళ్ళు. విజయనగరం కాలంలో తమ్మేగౌడకు చిక్కరాయలు అనే బిరుదొచ్చింది. పదిహేడో శతాబ్దంలో బీజాపూరు దండు కోలారును పట్టుకున్నాక ఆ వంశం పుంగనూరులో నిలదొక్కుకుంది. సుగుటూరు గంగమ్మ జాతర ఇప్పటికీ వాళ్ళ పేరు మీదే జరుగుతుంది, తొలి పూజ జమీందారు ఇంటిదే.

ఇక్కడ మా బహుజన మిత్రులు ఒక మాట అంటారు. "వాళ్ళు బాపనోళ్ళు కాదు గదా, క్షత్రియులూ కాదు గదా. మడక పట్టిన కులం నుంచి లేచి రాజ్యం ఏలినారు. అది మనందరికీ గర్వం గాదా?" అని. అన్నా, మీ గర్వం మీకు వుండనీ. మడక పట్టినోడు రాయలైనప్పుడు మడక కట్లు కోసినోడు ఏమైనాడు? మాదిగోడు మాదిగోడుగానే వుండిపోయినాడు. గౌడ రాయలైతే వూరి బావి మాకు తెరుచుకుందా? పల్లె తూర్పు నుంచి పడమటికి జరిగిందా? పైన కూర్చున్నోడి కులం మారినంత మాత్రాన కింద నిలబడినోడి కాళ్ళకు చెప్పులు రాలేదు. చెప్పులు కుట్టింది మేమే అయినా రాలేదు.

కుంఫిణీ వచ్చినాక కథ చూడండి. 1792లో శ్రీరంగపట్నం సంధి జరిగింది. టిప్పు చేతిలోని బారామహల్ ఇంగ్లీషోళ్ళకు చిక్కింది. దాన్ని చూసుకోను కెప్టెన్ రీడ్ వచ్చినాడు, ఆయన కింద మన్రో వచ్చినాడు. రైతుతో నేరుగా పైసల్ చేసుకొనే రైతువారీ పద్ధతికి పునాది పడింది అక్కడే, మా పొరుగునే. మా కంగుంది మాత్రం జమీగా నిలబడింది. 1802 ఇరవయ్యైదో రెగ్యులేషన్ శాశ్వత పైసల్ తెచ్చింది. పేష్కష్ కట్టినంతకాలం జమీందారే భూస్వామి అని సన్నదులు రాసిచ్చే పద్ధతి అది. పొలిమేరకు ఆపక్క రైతుకు సర్కారు పట్టా, ఈపక్క రైతుకు జమీందారు పట్టా. చరిత్ర పుస్తకాలు ఈ తేడా మీద పేజీలకు పేజీలు రాస్తాయి. ఏది మేలు, మన్రో పద్ధతా, జమీందారీ పద్ధతా అని పండితులు వాదించుకుంటారు. ఆపక్క మాలోడికీ ఈపక్క మాదిగోడికీ ఆ వాదంతో పనేముంది? రెండు పద్ధతుల్లోనూ మాకు రాసింది ఒకటే. వెట్టి.

వెట్టి అంటే ఏమో తెలియని పిల్లకాయలు ఇప్పుడు చదువుతా వుండారు గాబట్టి చెప్తా. చచ్చిన గొడ్డును ఈడ్చాల. దాని తోలు నానబెట్టి పదును చెయ్యాల. ఆ తోలుతో కపిలి బానకు తొండం కుట్టాల, మడకకు కట్లు కొయ్యాల, వూరందరికీ చెప్పులు కుట్టాల. జాతరొస్తే పలకలు కొట్టాల. చావొస్తే చావు కబురు మొయ్యాల. అధికారి వస్తే ముందర పరిగెత్తాల. దీనికి కళ్ళంలో మేర. అందరూ కొలుచుకున్నాక, తూర్పారబట్టినాక, అడుగున మన్ను కలిసిన గింజలు వూడ్చుకోవాల. దాన్ని హక్కు అన్నారు. హక్కు అయితే కొలతతో రావాల గదా. చీపురుతో వచ్చేదాన్ని హక్కనరు.

ఇందులో ఒక్క సంగతి ఆలోచించండి. మాది వాన తక్కువ సీమ. బావి నీళ్ళు పైకొస్తేనే పంట. కరెంటు మోటార్లు రాకముందు ఆ నీళ్ళు కపిలితోనే పైకి రావాల. కపిలికి తొండం కావాల. తొండం మాదిగోడి చేతిలోంచి రావాల. అంటే జమీ కట్టిన ప్రతి రూపాయి పేష్కష్ వెనకాల మేము కుట్టిన తోలు వుండాది. మా చెయ్యి తగిలితే కడవ నీళ్ళు మైల. మా చేత్తో కుట్టిన తోల్లోంచి వచ్చిన నీళ్ళకు మాత్రం మైల లేదు. చేనుకు మైల లేదు, పంటకు మైల లేదు, శిస్తుకు అసలే లేదు.

చెరువుల మాటెత్తుతారు. పాలెగాళ్ళు చెరువులు కట్టించినారు, ఆ పుణ్యం మరిచిపోకూడదు అని. కట్టించినారు, కాదనను. కోలారు, చిత్తూరు తట్టు చెరువు తూము తెరిచి చేనుచేనుకూ నీళ్ళు వదిలే నీరుగంటి ఎవరు? ఎక్కువ చోట్ల మావాళ్ళే. ఏ మడికి ఎంత తడి కావాల, ఏ కాలవ ఎప్పుడు కట్టాల, ఎండాకాలంలో ఎవరి చేను ఆపి ఎవరి చేను బతికించాల, ఇదంతా వాడి తలకాయలో వుండేది. ఇంత తెలిసినోణ్ణి ఇంకో దేశంలో అయితే ఇంజనీరు అంటారు. మా వూళ్ళో 'ఒరే' అన్నారు. వూరందరి చేలకు నీళ్ళు పంచినోడికి తడుపుకోను సొంత చేను లేదు.

ఇక భూమి సంగతి. 1891లో చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ పరయోళ్ళ దుస్థితి మీద ఒక నివేదిక రాసినాడు. దాని తర్వాత 1892లో మద్రాసు సర్కారు అణగారిన కులాలకు బంజర్లు ఇచ్చేదానికి ఉత్తర్వులిచ్చింది. అరవదేశంలో వాటినే పంచమి భూములు అంటారు. వాటిని తిరిగి రాబట్టుకోను ఇప్పటికీ అక్కడ పోరాడతా వుండారు. మరి మాకేమైంది? సర్కారు ఇవ్వగలిగేది సర్కారు బంజరు. జమీలో బంజరు సర్కారుది కాదు. అడివి, గుట్ట, బీడు, పోరంబోకు దేనికి పోయినా జమీ హద్దులోనే పోవాల. ఒకే ప్రెసిడెన్సీ, ఒకే గవర్నరు. పక్క తాలూకాలో పంచముడికి దొరకను ఒక కాగితమైనా వుండాది. జమీలో పుట్టిన పాపానికి మాకు ఆ కాగితం కూడా లేదు. జమీందారు మంచోడా చెడ్డోడా అని వాదించేవాళ్ళు ఈ సంగతి పట్టించుకోరు. ఇది మనిషి గుణంలో వున్న లోపం కాదు, పద్ధతిలోనే వుండాది.

భూమి లేనోడు ఏం చేస్తాడు? భూమి కిందికి పోతాడు. 1880లో జాన్ టేలర్ కంపెనీ కోలారులో బంగారు గనులు మొదలుపెట్టింది. ఉత్తర ఆర్కాటు నుంచి, సేలం నుంచి, మా కుప్పం తట్టు నుంచి మాలమాదిగలూ పరయోళ్ళూ గుంపులు గుంపులుగా పోయినారు. మా ఇండ్లలో ఒకరైనా గనికి పోని ఇల్లు లేదు. 1902లో శివసముద్రం కరెంటు ఆ గనుల కోసమే వచ్చింది, బెంగుళూరు వీధుల కంటే ముందు. లైట్లు ముందు వెలిగింది అక్కడ, వూపిరితిత్తులు ముందు ఆరిపోయిందీ అక్కడే. రాతి దుమ్ము తిని నలభై ఏండ్లకే దగ్గుతా ఇంటికొచ్చినారు. కానీ ఒక మాట చెప్పాల. గనిలో కూలి కొలతతో వచ్చింది, చీపురుతో రాలేదు. వారానికో నెలకో చేతిలో పైకం పడింది. మారికుప్పంలో అయోతిదాస పండితుడి శాక్య బౌద్ధ సంఘం శాఖ నడిచింది. మనం హీనులం కాదు, బుద్ధుడి మనుషులం అనే మాట మా తట్టు జనం ముందు విన్నది ఆ గనుల దగ్గర. మూడు వేల మీటర్లు లోపలికి దిగితే దొరికిన మర్యాద, వూరి నడివీధిలో దొరకలేదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేసినాక ఆ ఆధారమూ పోయింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. 1908లో మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టం వచ్చింది. జమీలో రయితీ భూమిని అనుభవంలో పెట్టుకున్న రైతును తీసెయ్యకూడదు, అది వాడి శాశ్వత హక్కు అన్నది. మంచిదే. మరి జమీందారు సొంత భూమి ఏది? దానికి చట్టంలోనే పేర్లు రాసినారు. కంబట్టం, ఖాస్, సీర్, పన్నై. కంబట్టం మా తట్టు మాట. ఇంగ్లీషు చట్టంలోకి మా మాట ఎక్కింది, మేము మాత్రం ఎక్కలేదు.

1948లో ఇరవయ్యారో నంబరు చట్టం వచ్చి జమీలను రద్దు చేసింది. పుంగనూరు పోయింది, కంగుంది పోయింది. జమీందారీ పోయింది, దున్నేవాడికి భూమి వచ్చింది అని మేము బడిలో చదువుకున్నాం. ఆ చట్టం ఎంతమంది చదివినారు? పదకొండో సెక్షను రైతుకు పట్టా ఇచ్చింది. పన్నెండో సెక్షను జమీందారుకు తన సొంత భూమి మీద పట్టా ఇచ్చింది. ఏది సొంత భూమి అనేదానికి ఒక గుర్తు ఏం పెట్టింది? ఫలానా తేదీ నుంచి ఆయన తానుగా గానీ, తన నౌకర్ల చేత గానీ, కూలీల చేత గానీ, సొంత గొడ్లతో గానీ, బాడుగ గొడ్లతో గానీ సాగు చేసుకుంటా వుంటే చాలు. నౌకర్ల చేత, కూలీల చేత! అయ్యా, ఆ నౌకరు ఎవరు? ఆ కూలి ఎవరు? మడక పట్టింది మా చెయ్యి. చట్టం లెక్కలో అది దొర చెయ్యి. మేము దున్నినట్టే ఆయన దున్నినట్టు రుజువైంది. మా చెమటే ఆయనకు సాక్షి సంతకం. దున్నేవాడి భూమిని దున్నేవాడి చేతే పోగొట్టించిన చట్టం అది.

పదకొండో సెక్షను రైతు దగ్గర కూడా ఇదే మాయ. పట్టా ఎవరి పేరున వుంటే వాడు రైతు. వాడి కింద జీతానికి వున్నోడు రైతు కాదు. మా జేజినాయన ఒక పెద్దింట్లో జీతగాడు. ఆ ఇంటి పేరు ఇక్కడ రాయను, అట్లాంటి ఇండ్లు ప్రతి వూళ్ళోనూ వుండినాయి. పెండ్లికి చేసిన అప్పు కింద చేరినాడు. ఏడాదికి ఇన్ని బళ్ళల రాగులు, ఒక కంబళి. అప్పు తీరలేదు, మా నాయన కూడా చిన్నప్పుడే గొడ్లకాడికి చేరినాడు. జమీ రద్దయినాక పట్టాలకు భూములు కొలవను వచ్చినారు. గొలుసు ఒక కొన పట్టుకున్నది మా జేజినాయనే. ఏ గట్టు ఎక్కడ మొదలయ్యేది, ఏ రాయి ఎప్పుడు పాతింది, ఏ చింతచెట్టు ఎవరి హద్దు, అన్నీ ఆయన్నే అడిగినారు. అన్నీ చెప్పినాడు. గట్లు వేసింది ఆయనే గాబట్టి తెలుసు. సాయంత్రం దాకా గొలుసు లాగినాడు. పుస్తకంలో ఒక్క గడి కూడా ఆయన పేరుతో నిండలేదు. అవ్వ చెప్పేది, "ఆపొద్దు మీ జేజినాయన ఇంటికొచ్చి సంగటి ముద్ద ముందర పెట్టుకొని, వూరంతా కొలిచేసినాము మే, అన్నాడు. సంతోషంగానే అన్నాడు" అని. ఆ సంతోషమే నాకు మంట.

జమీ పోయినందుకు జమీందార్లకు నష్టపరిహారం ముట్టింది. ఏండ్ల ఆదాయం లెక్కగట్టి, దాన్ని ఎన్నో రెట్లు చేసి ఇచ్చినారు. వెట్టి చేసినందుకు మాకు ఎంత లెక్కగట్టినారు? ఇది మన దేశంలోనే జరిగిన వింత కాదు. 1833లో బ్రిటను తన వలసల్లో బానిసత్వం రద్దు చేసినప్పుడు రెండు కోట్ల పౌండ్లు పరిహారం ఇచ్చింది. బానిసలకు కాదు, బానిసల యజమానులకు. నల్లోడికి అక్కడ, మాదిగోడికి ఇక్కడ ఒకటే న్యాయం. దోచుకున్నోడికి దోపిడీ ఆగినందుకు పరిహారం, దోపిడీ అయినోడికి చేతులూపుకుంటా ఇంటికి పొమ్మని సెలవు.

తర్వాత మాకు డీకేటీ పట్టాలొచ్చినాయి. ఎక్కడ? గుట్ట వాలున, రాళ్ళలో, ఎవరికీ పనికిరాని చోట. ఆ రాళ్ళు ఏరి, కట్టలు కట్టి, వేరుశెనగ వేసేలోపల వానలు మానేసినాయి. కొంతమంది అయిదు నూర్లకు, వెయ్యికి కుదువపెట్టినారు. 1977లో అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం వచ్చింది. అమ్మినా చెల్లదు, అసలోడికి తిరిగి ఇప్పించాల అన్నది. చట్టం పుస్తకంలో వుండాది, భూమి పెద్దోళ్ళ కంచెలో వుండాది. 2023లో ఆ చట్టాన్ని సవరించి, ఇరవై ఏండ్లు దాటిన అసైన్డ్ భూమిని అమ్ముకునే హక్కు ఇచ్చినారు. 2024లో ప్రభుత్వం మారినాక ఆ రిజిస్ట్రేషన్లు ఆపినారు. హక్కు అంటే నాకు సంతోషమే. మాలోడి భూమి అమ్మకానికి పనికిరానిదిగా ఎందుకుండాల అనే మాటలో న్యాయం వుండాది. కానీ ముందు ఒకటి తేల్చండి. ఆ భూమి ఇప్పుడు ఎవరి అనుభవంలో వుండాది? పట్టా ఒకరిది, కంచె ఇంకొకరిది అయినప్పుడు అమ్ముకునే హక్కు కంచె వేసుకున్నోడికి వరం. 1948లో మా చెమట ఆయన సాగు అయినట్టే, ఇప్పుడు మా వేలిముద్ర ఆయన రిజిస్ట్రేషను అవుతుంది.

2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు ఆఫీసులో మంటలు లేచినాయి. భూముల ఫైళ్ళు కాలిపోయినాయి. దేశమంతా మాట్లాడింది. ఎవరు చేసిందీ కోర్టుల్లో తేలాల్సిన సంగతి, నేను చెప్పేది అది కాదు. రికార్డు కాలితే ఎంత నష్టమో అప్పుడు అందరికీ తెలిసింది. అసలు రికార్డే రాయని వాళ్ళకు జరిగిన నష్టం ఎంతో ఎవరైనా ఆలోచించినారా? కాలిన కాగితానికి బూడిదైనా మిగులుతుంది. రాయని కాగితానికి అదీ లేదు. మా జేజినాయన లాగిన గొలుసుకు ఏ ఆఫీసులో ఫైలు వుండాది?

అదే 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన ఇంట్లో పుంగనూరు ఆవులకు మేత పెట్టినారు. ఫోటోలు ప్రతి పేపర్లో వచ్చినాయి. పొట్టి ఆవు, సాధువైన ఆవు, జమీందార్లు సాకిన జాతి అని రాసినారు. ఆ ఆవు మీద నాకు కోపమేమీ లేదు, మూగజీవం. కానీ దాని ఎత్తు ఎన్ని అడుగులో, పాలలో వెన్న ఎంతో లెక్క వుండాది. వంశం నిలబెట్టను పరిశోధన కేంద్రం వుండాది. ఆ జమీలో గొడ్లు కాసిన జీతగాడు ఎన్ని పడుల గింజలకు బతికినాడో ఎవరి దగ్గర లెక్క వుండాది? ఆవు జాతి అంతరించిపోకూడదని సర్కారు డబ్బు పెడుతుంది. దాని పేడ తీసినోడి చరిత్ర అంతరించిపోతా వుంటే అడిగేవాడు లేడు.

కొందరు అంటారు, "జమీందార్లూ లేరు, జమీలూ లేవు, కోటలు కూలిపోయినాయి. వాళ్ళ పిల్లలు కూడా మామూలు బతుకే బతుకుతా వుండారు. ఇప్పుడెందుకీ తవ్వకం?" అని. నాకు ఆ వంశాల పిల్లలతో తగాదా లేదు. వాళ్ళలో చల్లని మనుషులు వుండొచ్చు. నా తగాదా పుస్తకంతో. 1881లో అచ్చయిన కాక్స్ దొర జిల్లా మాన్యువల్‌లో జమీందార్ల పుట్టుపూర్వోత్తరాలు వుండాయి. ఆయన పరాయోడు, దర్బారులో చెప్పింది రాసుకున్నాడు. నూటనలభై ఏండ్లు దాటినాక మనోళ్ళు కూడా దాన్నే తిరగ్గొట్టి రాస్తా వుంటే ఏమనాల? కోట గోడలను చూడను పోయే పిల్లకాయలకు చెప్పే కథలో మా మాట ఒక్కటీ లేకపోతే, మా పిల్లలు ఆ గోడ ముందర ఎట్లా నిలబడాల? తమది కాని చరిత్రకు చప్పట్లు కొట్టాలా?

మేము అడిగేది పెద్దది కాదు. కంగుంది, పుంగనూరు జమీలు రద్దయినప్పటి సెటిల్మెంటు రిజిస్టర్లు బయట పెట్టండి. ఏ వూళ్ళో ఎంత కంబట్టం, ఎంత భూమికి ఎవరికి పట్టా ఇచ్చినారో వూరి చావడిలో చదవండి. మాలపల్లె, మాదిగపల్లె ముసలోళ్ళను పక్కన కూర్చోబెట్టుకొని చదవండి. ఏ చేను ఎవరు దున్నినారో, ఏ బావికి ఎవరు తొండం కుట్టినారో వాళ్ళు చెప్తారు. వాళ్ళు చెప్పింది కూడా రాయండి. ఇప్పుడు డ్రోనులతో రీసర్వే చేస్తా వుండారు. డ్రోను పైనుంచి గట్టును చూస్తుంది, గట్టు వేసినోణ్ణి చూడలేదు. అందుకని డీకేటీ భూముల్లో కంచె ఎవరిదో, పట్టా ఎవరిదో నేల మీద నడిచి చూడండి. కోట దగ్గర బోర్డు పెడితే అందులో వెట్టి అనే మాట రాయండి. నీరుగంటి అనే మాట రాయండి. కంబట్టం అనే మాట రాసి, దాన్ని ఎవరు దున్నినారో ఆ కులాల పేర్లు రాయండి.

ముసలోళ్ళు వెళ్ళిపోతా వుండారు. వాళ్ళ తలకాయల్లో వున్న గట్లూ, రాళ్ళూ, చింతచెట్లూ వాళ్ళతోనే పోతే ఆ తర్వాత చదవను మిగిలేది పెండ్లి పత్రికలే. ఈ సారి గొలుసు మేము లాగము. పుస్తకం పట్టుకుంటాం.